అటక మీది ట్యాంకు

ప్రతి ఇంట్లో ఒక సగం పని ఉంటుంది. సగం అల్లి వదిలేసిన స్వెటర్, మూడో పాఠం దగ్గర ఆగిపోయిన గిటార్, ఇరవయ్యో పేజీలో బుక్‌మార్క్ పెట్టి మర్చిపోయిన నవల. ఎవరైనా అడిగితే “చెయ్యాలి, టైమ్ దొరకట్లేదు” అంటాం. మా ఇంట్లో ఆ సగం పని ఒక యుద్ధ ట్యాంకు.

కంగారు పడకండి. నిజం ట్యాంకుని 35 రెట్లు చిన్నది చేస్తే ఎంతుంటుందో అంతే. ప్లాస్టిక్ స్కేల్ మోడల్ కిట్. 2015లో, ఉద్యోగంలో చేరిన రెండో నెల జీతంతో కొన్నాను. 2025 సంక్రాంతికి పూర్తి చేశాను. నిజంగా పని చేసింది మూడు నెలలే. మిగతా తొమ్మిదేళ్ల పైచిలుకు అది అటక మీద ఉంది. ఎందుకుందో, ఎలా దిగిందో ఈ వారం చెప్తాను.

నెయ్యి డబ్బా తేలినట్టు

ట్యాంకు పేరు పీటీ-76. అలా అంటే తెలియకపోవచ్చు. ‘పిప్పా’ అంటే మీలో కొందరికి వెలుగుతుంది. 2023లో ప్రైమ్ వీడియోలో వచ్చిన ఇషాన్ ఖట్టర్ సినిమా. పోస్టర్ మీద ఇషాన్ ఉన్నాడు కానీ, అసలు హీరో ఈ ట్యాంకే.

సోవియట్ యూనియన్ తయారీ. బరువు దాదాపు పద్నాలుగు టన్నులు, లోపల ముగ్గురు మనుషులు, ముందు 76 మిల్లీమీటర్ల ఫిరంగి. దీని స్పెషాలిటీ ఏంటంటే ఈత వచ్చు. వెనకవైపు రెండు వాటర్ జెట్లు ఉంటాయి. నీళ్లని లోపలికి పీల్చి వెనక్కి చిమ్ముతుంటే ట్యాంకు పడవలా ముందుకి పోతుంది. ఖాళీ నెయ్యి డబ్బా నీళ్లలో తేలినట్టు తేలుతోందని మన పంజాబీ సైనికులు దీన్ని ‘పిప్పా’ అన్నారు. మనం పీపా అంటామే, అదే మాట.

తేలాలంటే తేలిగ్గా ఉండాలి. అందుకే దీని ఉక్కు చాలా పల్చన. బాగా మందంగా ఉన్నచోట కూడా ఇరవై మిల్లీమీటర్ల దగ్గరే. అలాంటి డబ్బాలు 14, 1971 నవంబర్ 21 తెల్లవారుజామున పొగమంచులో, ఇప్పటి బంగ్లాదేశ్‌లోని గరీబ్‌పూర్ దగ్గర పాకిస్తాన్ చాఫీ ట్యాంకులకు ఎదురు నిలబడి గెలిచాయి. ఆ పోరులో స్క్వాడ్రన్ కమాండర్ మేజర్ దల్జీత్ సింగ్ నారగ్ ప్రాణాలిచ్చారు. ఆయనకి మహావీర చక్ర వచ్చింది. అసలు యుద్ధం మొదలవడానికి ఇంకా పన్నెండు రోజుల ముందు సంగతి ఇది. ఆయన తర్వాత కమాండ్ అందుకున్న కెప్టెన్ బల్‌రామ్ సింగ్ మెహతా చాలా ఏళ్లకి రాసిన పుస్తకమే సినిమాకి ఆధారం.

నాకు మాత్రం ఈ ట్యాంకు సినిమా వల్ల తెలియలేదు. మా పెదనాన్న వల్ల తెలిసింది.

మాది తాడేపల్లిగూడెం దగ్గర పల్లె. మిలిటరీ మాధవరం పేరు వినే ఉంటారు. తరతరాలుగా ఆర్మీకి కుర్రాళ్లని పంపే ఊరు. ఆ గాలి చుట్టుపక్కల ఊళ్లకీ తగిలింది. పెదనాన్న పంతొమ్మిదేళ్లకే వెళ్లి ఈఎంఈలో మెకానిక్‌గా చేరాడు. ట్యాంకులు నడిపేవాడు కాదు. ఆగిపోయిన ట్యాంకుల్ని మళ్లీ నడిపించేవాడు. 1971లో ఆయనకి ఇరవై ఒకటి. తూర్పు వైపే ఉన్నాడు.

వేసవి సెలవులకి ఊరెళ్తే అరుగు మీద సుద్దముక్కతో ట్యాంకు బొమ్మ గీసేవాడు. ఆరు చక్రాలు, పైన బోర్లించిన మూకుడు లాంటి టర్రెట్, ముందు గొట్టం. “నువ్వెన్ని ట్యాంకులు పేల్చావు పెదనాన్నా?” అని అడిగేదాన్ని.

“ఒక్కటీ పేల్చలేదమ్మలూ. బురదలోంచి మాత్రం చాలా లాగాను.”

ఎనిమిదేళ్ల పిల్లకి అది పెద్ద కథ కాదు. నిరాశగా ఉండేది. అయినా ఆ సుద్దబొమ్మ మనసులో ఉండిపోయింది. అందుకే రెండో జీతం రాగానే ఆన్‌లైన్‌లో 2,400 పెట్టి ఆ కిట్టే కొన్నాను. వెంటనే ఫోన్ చేశాను. “వచ్చే సంక్రాంతికి తెచ్చి చూపిస్తా పెదనాన్నా.”

“తే అమ్మా, చూద్దాం” అన్నాడు.

కార్ట్‌లోనే ఆగిపోయింది

కిట్ ఎప్పుడూ చూడనివాళ్ల కోసం చిన్న పరిచయం. పెట్టె తెరిస్తే ప్లాస్టిక్ ఫ్రేములుంటాయి. మామిడికొమ్మకి కాయలు వేలాడినట్టు ఒక్కో ఫ్రేముకి పదులకొద్దీ ముక్కలు. కట్ చేయాలి, సానపట్టాలి, గ్లూతో అతికించాలి, రంగు వేయాలి. మొత్తం అయ్యాక నా ట్యాంకు బాడీ పొడవు ఇరవై సెంటీమీటర్లు, వెడల్పు తొమ్మిది. అరచేతిలో పట్టదు, రెండు చేతుల్లో పడుతుంది.

మొదటి రెండు వారాలు ఊపుగా సాగింది. కింది భాగం అతికించాను, చక్రాలు పెట్టాను. తర్వాత ఒక తప్పు చేశాను. యూట్యూబ్ తెరిచాను.

జపాన్ వాళ్లు, పోలండ్ వాళ్లు, స్పెయిన్ వాళ్లు చేసిన మోడల్స్ చూశాను. ఆ తుప్పు, ఆ బురద, బోల్టు మీద గీత కూడా కనిపిస్తోంది. వాళ్లలో చాలామంది కిట్‌లో వచ్చిన ముక్కలు వాడట్లేదు. పల్చటి ఇత్తడి రేకుని కోసి చేసిన డీటెయిల్ సెట్లు, లేత్ మీద చేసిన మెటల్ ఫిరంగి గొట్టం, విడివిడి లింకులున్న ట్రాక్, అన్నీ వేరే కొంటున్నారు. నేనూ కార్ట్‌లో పెట్టాను. షిప్పింగ్‌తో కలిపి 5,800. కిట్ ధరకి రెండింతల పైనే. “బోనస్ వచ్చాక కొందాం, అప్పటిదాకా ముట్టుకోకూడదు, పాడైపోతుంది” అనుకున్నాను.

బోనస్ వచ్చింది. ఫోన్ కొన్నాను. మరుసటి ఏడు కూడా వచ్చింది. అప్పటికి ఆ సెట్ స్టాక్ లేదు. కొత్త సెట్ ఏదో వస్తుందన్నారు. ఎదురుచూశాను. ఈలోపు కూకట్‌పల్లిలోనే మూడు ఇళ్లు మారాను. పెట్టె ప్రతిసారీ ఒక అటక మీంచి ఇంకో అటక మీదకి ఎక్కింది. ప్రతి సంక్రాంతికీ పెదనాన్న “ట్యాంకేదే?” అనడం, నేను “వచ్చే ఏడు పక్కా” అనడం అలవాటైపోయింది. ఇంట్లో అందరికీ అదొక జోకు.

ఇప్పుడనిపిస్తుంది, నేను వాయిదా వేసింది బద్ధకంతో కాదు. నా తలలో ఒక బొమ్మ ఉంది. చేతిలో ఉన్నది దాని పక్కన నిలబడదు. పూర్తి చేస్తే ఆ తేడా కళ్లారా కనిపిస్తుంది. సగంలో ఉన్నంతకాలం మాత్రం అది “అద్భుతంగా రాబోతున్న” ట్యాంకే.

అన్నయ్య ఫోన్

2024 దసరా సెలవుల్లో అన్నయ్య, అంటే పెదనాన్న కొడుకు, ఫోన్ చేశాడు. పొలం, పెళ్లిళ్లు, వర్షాలు అన్నీ అయ్యాక మామూలుగా చెప్పాడు. “నాన్నకి కంటిలో మాక్యులా దెబ్బతిందన్నారు. రెండు కళ్లూ. వయసు వల్ల వస్తుందట. చుట్టూరా కనిపిస్తుంది కానీ సూటిగా చూసింది కనిపించదు. మనిషిని చూస్తే ముఖం ఉండాల్సిన చోట మసక. పేపర్ చదవడం మానేశాడు.”

“ఎప్పట్నుంచి?”

“ఏడాది పైనే అయింది. చెప్పలేదు.”

ఆ రాత్రి స్టూలు వేసుకుని అటక ఎక్కాను.

పెట్టె తెరిస్తే పరిస్థితి ఇది. ఒక ఫ్రేము విరిగి ఉంది. చిన్న ముక్కలన్నీ వేసిన జిప్‌లాక్ కవరు లేదు. ఏ ఇల్లు మారినప్పుడో పోయింది. టర్రెట్ మీది హ్యాండిల్స్, హెడ్‌లైట్ గార్డులు, ముందుభాగం మీద మడిచి ఉండే నీటిపలక, లాగుడు కేబుల్, అన్నీ అందులోనే ఉన్నాయి. వినైల్ ట్రాక్ ఎండిపోయింది, వంచగానే పుటుక్కుమంది. నంబర్ స్టిక్కర్ల షీటు, అదే డీకాల్స్, పాత పుస్తకంలా పసుపెక్కింది.

కొత్త కిట్ కొనచ్చు. ఆర్డర్ పెడితే వచ్చేది కూడా. కానీ కొత్త పెట్టె వస్తే మళ్లీ కొత్త కార్ట్ మొదలవుతుందని నాకు తెలుసు. లెక్కేసుకున్నాను. సంక్రాంతికి మూడు నెలలు. ఇంట్లో ఉన్నదానితో, పది నిమిషాల్లో నడిచి వెళ్లి తెచ్చుకోగలిగినదానితో మాత్రమే చేయాలి. అదొక్కటే రూల్.

రాగితీగ, టిన్ను, చింతపండు

ముందు హ్యాండిల్స్. ట్యాంకు మీద కూర్చుని వెళ్లే సైనికులు పట్టుకునే కమ్మీలు ఇవి. మా వీధి చివర మోటార్ వైండింగ్ షాపులో 25 గేజ్ రాగితీగ అడిగాను. అర మిల్లీమీటరు మందం. షాపాయన “ఏ మోటార్‌కమ్మా?” అన్నాడు. ట్యాంకుకని చెప్తే నీళ్ల ట్యాంకు అనుకుని “సంపులోదా, పైదా?” అని అడిగాడు. రెండు మీటర్లు ఊరికే ఇచ్చేశాడు.

వైండింగ్ తీగ మీద వార్నిష్ పూత ఉంటుంది. దాన్ని బ్లేడుతో గీకకపోతే గ్లూ, రంగు రెండూ పట్టవు. గీకాక మా అమ్మ చూసి, “ఇంత నల్లగా ఉందేంటే” అంటూ చింతపండు పెట్టి తోమేసింది. రాగిచెంబు తోమినట్టే తళతళలాడింది. పులుపు రాగి మీది మసిని కరిగిస్తుంది. ఫారిన్ వీడియోల్లో దీనికో ప్రత్యేకమైన సీసా చూపించారు.

అన్ని హ్యాండిల్సూ ఒకే సైజులో రావాలంటే దేని మీదైనా వంచాలి. ఐస్‌క్రీమ్ పుల్ల సరిగ్గా సరిపోయింది. పద్నాలుగు వంచితే ఆరు పనికొచ్చాయి. రంధ్రాలకి మొదట సూది కాల్చి గుచ్చాను. ప్లాస్టిక్ కరిగి చుట్టూ గట్టులా లేచింది. తర్వాత కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి సర్క్యూట్ బోర్డులకి వాడే అర మిల్లీమీటరు డ్రిల్ బిట్, దాన్ని వేళ్లతో తిప్పే చిన్న పిడి తెచ్చాను. నడిచి వెళ్లే దూరం కాదు, మెట్రో ఎక్కాను. రూల్ తప్పింది అక్కడొక్కచోటే.

నీటిపలకకి కూల్‌డ్రింక్ టిన్ను. దాని రేకు మందం మిల్లీమీటరులో పదో వంతు. 35తో గుణిస్తే మూడున్నర మిల్లీమీటర్ల ఉక్కు రేకు. ప్లాస్టిక్‌ని అంత పల్చగా అచ్చుపోయడం కష్టం. కిట్ ముక్కలు కొంచెం బండగా కనిపించేది అందుకే. ఇంకు అయిపోయిన బాల్‌పెన్‌తో వెనకనుంచి నొక్కి గీతలు గీస్తే ముందువైపు ఉబ్బుగా వచ్చాయి. హెడ్‌లైట్ గార్డులకి ఆయింట్‌మెంట్ ట్యూబ్ కోశాను. అది ఇంకా మెత్తన, ఎలా వంచితే అలా వంగుతుంది.

యాంటెన్నాకి ఒక పాత ట్రిక్కుంది. ఖాళీ ఫ్రేము ముక్కని కొవ్వొత్తి మీద, మంటకి తగలకుండా కొంచెం ఎత్తులో తిప్పుతూ పట్టుకోవాలి. మెత్తబడ్డాక మంట మీంచి తీసి, రెండు చివర్లూ పట్టుకుని నిదానంగా లాగాలి. తీగపాకం సాగినట్టు సాగుతుంది. వెంట్రుకంత సన్నం చేయచ్చు. తొందరపడితే తెగుతుంది, ఆలస్యం చేస్తే గట్టిపడుతుంది. అరిసెల పాకం చూసిన చెయ్యి కాబట్టి ఇందులో మా అమ్మ నాకంటే ముందే పాసైంది.

విరిగిన ట్రాక్‌ని స్టేప్లర్ పిన్నుతో కుట్టి, అతుకు కింద నేలకి ఆనే చోటికి తిప్పేశాను. పసుపెక్కిన డీకాల్స్‌ని కవర్లో పెట్టి బాల్కనీ అద్దానికి లోపలివైపు అతికించాను. వారం రోజుల ఎండకి పసుపు చాలావరకు పోయింది. పైన ఒక పూత వార్నిష్ కొట్టకపోతే పాత డీకాల్ నీళ్లలో వేయగానే ముక్కలైపోతుంది. ఒకటి అలా పోయాకే ఆ సంగతి నేర్చుకున్నాను.

ఈ పనుల్లో మునిగి ఉండగా ఒక సంగతి చదివాను. ట్యాంకు మోడల్స్‌లో 1:35 ఎందుకు అంత పాపులరో తెలుసా? 1960ల మొదట్లో జపాన్‌లోని షిజువోకాలో ఉన్న తామియా కంపెనీ జర్మన్ పాంథర్ ట్యాంకు కిట్ తయారుచేసింది. లోపల చిన్న మోటారు, బ్యాటరీలు పట్టాలి. అవి పట్టేంత సైజులో ట్యాంకు గీశారు. తర్వాత లెక్కేస్తే అసలు దానిలో 35వ వంతు దగ్గరికి వచ్చింది. అంతే. ప్రపంచమంతా మైక్రోమీటర్ పెట్టి కొలుచుకునే ఆ కొలత బ్యాటరీ సైజుని బట్టి పుట్టింది. ఆ రోజు ఎంత ఊరటగా అనిపించిందో చెప్పలేను. ఐస్‌క్రీమ్ పుల్లకి ఇక సిగ్గుపడలేదు.

“కేబుల్ పెట్టావా?”

డిసెంబర్‌లో పాత రోగం మళ్లీ తిరగబెట్టింది. ఈసారి రంగు. 1971లో మన పీటీ-76ల ఆకుపచ్చ సరిగ్గా ఏ షేడ్? పాత ఫొటోలు బ్లాక్ అండ్ వైట్. రంగుల్లో ఉన్నవి వెలిసిపోయినవి. నాలుగు రాత్రులు ఫోన్‌లో జూమ్ చేసి చూస్తూ కూర్చున్నాను. ఐదు రకాల పచ్చలు కలిపి చీటీల మీద పూశాను. పని మళ్లీ ఆగింది. ఆఖరికి పెదనాన్నకే ఫోన్ చేశాను.

“మీ ట్యాంకులు ఏ పచ్చ పెదనాన్నా? ముదురా, లేతా?”

కాసేపు ఆలోచించాడు. “బురద రంగే.”

“అది కాదు, బురద కింద?”

“కింద ఎవడు చూశాడే?” అని నవ్వాడు. తర్వాత ఆయనే అడిగాడు. “కేబుల్ పెట్టావా?”

అప్పటిదాకా కేబుల్ సంగతి పట్టించుకోలేదు. లాగుడు కేబుల్ అంటే ట్యాంకు వెనకో పక్కనో చుట్టి ఉండే ఇనుప తాడు. మోడల్‌లో ఒక చిన్న అలంకారం. నల్లదారం చుట్టేద్దాం అనుకున్నాను.

“ట్యాంకంటే అందరూ ఫిరంగి చూస్తారమ్మలూ. మాకు కేబులే. అది లేని బండి దిగబడితే ఇంకంతే” అన్నాడు.

ఫోన్ పెట్టేశాక చదివాను. 1971 డిసెంబర్‌లో ఢాకా వైపు వెళ్తూ మన సైన్యం మేఘ్నా నది దాటింది. మనుషుల్ని హెలికాప్టర్లలో దించారు. పీటీ-76లు ఈదుతూ బయల్దేరాయి. నది మరీ వెడల్పు. ఇంజన్లు వేడెక్కిపోయాయి. ఈదడానికే పుట్టిన ట్యాంకుల్ని అక్కడి పడవలకి కట్టి లాగాల్సి వచ్చింది. పెదనాన్న అక్కడ ఉన్నాడో లేదో నేనెప్పుడూ అడగలేదు. కానీ ఆయన చెప్పిన “లాగాను” అనే మాట వెనక ఎంత పని ఉందో ముప్పై దాటాక తెలిసింది.

దారం ఆలోచన మానేశాను. దారానికి నూగు ఉంటుంది, ఎంత చిన్నదైనా రంగు వేశాక దారంలాగే కనిపిస్తుంది. పాత ఛార్జర్ వైరు కోసి లోపలి సన్నటి రాగి పోగులు తీశాను. అసలు కేబుల్ రెండు సెంటీమీటర్ల మందం అనుకుంటే, నాకు కావలసింది అర మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ. పోగుల్ని ఒకచివర తలుపు గడియకి కట్టి, రెండో చివర డ్రిల్ పిడిలో బిగించి, తాడు పేనినట్టు పేనాను. మొదటిది ముడులు పడింది. రెండోది స్ప్రింగులా లేచింది. మూడోదాన్ని స్టవ్ మంట మీద ఒక్క క్షణం చూపించాను. వేడికి రాగి మెత్తబడుతుంది, చెప్పిన మాట వింటుంది. చివర ఉంగరాలకి ఆయింట్‌మెంట్ ట్యూబ్ రేకు చుట్టి, ఎంసీల్ ముద్దతో అతుకు కప్పాను. మొత్తం పదకొండు సెంటీమీటర్ల తాడుకి రెండు ఆదివారాలు పట్టింది.

రంగు? చేతికందిన ముదురు పచ్చ కొట్టేశాను. పైన గోధుమరంగు చాక్‌పీసు పొడి చేసి, నీళ్లలో కలిపి, చక్రాల మీద దండిగా పులిమాను. బురద రంగు.

మీరూ అటక ఎక్కాలనుకుంటే

ట్యాంకే కానక్కర్లేదు. కారు, విమానం, ఓడ ఏదైనా సరే, నేను దెబ్బలు తిని నేర్చుకున్నవి కొన్ని.

ముందు పెట్టె తెరిచి ఏమున్నాయో, ఏం పోయాయో కాగితం మీద రాయండి. తలలో ఉన్నంతసేపు నష్టం కొండంత. కాగితం మీద నాది తొమ్మిది లైన్లే.

పోయిన ముక్కని కొనేముందు అది దేనితో తయారైందో చూడండి. రేకుకి రేకు, తీగకి తీగ, గుడ్డకి ఫెవికాల్ నీళ్లలో తడిపిన టిష్యూ పేపర్. చాలావరకు వంటింట్లోనే దొరుకుతాయి.

ఒకటి చేయాలంటే మూడు చేయండి. మొదటిది పాడవుతుందని ముందే ఒప్పుకుంటే చెయ్యి వణకదు.

లోహానికి రంగు నేరుగా పట్టదు, ప్రైమర్ తప్పనిసరి. టిన్ను అంచులు బ్లేడులా కోస్తాయి, గ్లౌజులు వేసుకోండి. సూపర్ గ్లూ, పెయింటు వాడేటప్పుడు కిటికీ తెరవండి. ప్లాస్టిక్‌ని తడిపి సానపట్టండి, పొడి ముక్కులోకి పోదు.

అన్నిటికంటే ముఖ్యం, తేదీ పెట్టుకోండి. “ఎప్పుడో” అనేది తేదీ కాదు. వీలైతే ఆ తేదీ దగ్గర ఒక మనిషి ఉండేలా చూసుకోండి.

కనుమ రోజు

భోగి రోజు ఊరు చేరాను. బస్సులో పది గంటలు ఆ డబ్బాని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఇంటినిండా జనం, పిల్లలు. కనుమ మధ్యాహ్నం భోజనాలయ్యాక, అందరూ కునుకు తీస్తున్నప్పుడు అరుగు మీద పెదనాన్న పక్కన కూర్చుని డబ్బా తెరిచాను.

ఆయన సూటిగా చూడలేదు. తల కొంచెం పక్కకి తిప్పి ఓరగా చూశాడు. అలా అయితేనే కాస్త కనిపిస్తుందట. రెండు క్షణాలు చూసి, “ఇలా ఇవ్వు” అని చేతులు చాపాడు.

ఇచ్చాను. నా గుండె మాత్రం నా చేతిలో లేదు.

వేళ్లతో చూడటం మొదలుపెట్టాడు. చక్రాల మీద నుంచి వెళ్తూ పెదవులు కదిపాడు. ఒకటి, రెండు, మూడు... ఆరు. టర్రెట్ చుట్టూ తిప్పాడు. రాగి హ్యాండిల్ దొరికింది, గోరుతో ఆడించాడు. నీటిపలక మీది ఉబ్బు గీతలు తడిమాడు. నాలుగు రాత్రులు నేను ఏడ్చిన ఆకుపచ్చ ఆయన వేళ్లకి అసలు తగల్లేదు. డీకాల్ నంబర్లూ తగల్లేదు. తగిలినవన్నీ రాగి, టిన్ను, ఎంసీల్. కిట్ ముక్కలే ఉండి ఉంటే, దారమే చుట్టి ఉంటే, ఆయనకి ఏం దొరికేదో నాకు తెలీదు.

వేళ్లు కేబుల్ దగ్గర ఆగాయి. ఆ చివర నుంచి ఈ చివర దాకా రెండుసార్లు వెళ్లాయి. పేనిన మెలికల్ని బొటనవేలితో లెక్కపెడుతున్నట్టు.

“ఇనుమేనా?”

“రాగి. ఛార్జర్ వైరు.”

“ఊ.” మళ్లీ తడిమాడు. “ఇంత బిగుతుగా కట్టకూడదమ్మలూ. అక్కడ చేతులు చలికి కొంకర్లు పోతుంటాయి. ఒక్క లాగుకి ఊడి రావాలి.”

అంటూనే లాగాడు. నా నోట్లోంచి “అయ్యో” రాకముందే టిక్ టిక్ మని రెండు గ్లూ చుక్కలు ఊడాయి. కేబుల్ ఆయన చేతిలో ఉంది. దారిలో ఒక హ్యాండిల్ కూడా వంగింది. ఆయన కంగారేమీ పడలేదు. కేబుల్‌ని చూపుడువేలికి రెండు చుట్లు చుట్టి, వదులు చేసి, టర్రెట్ వెనక తగిలించాడు. పైకి లాగి చూశాడు, సులువుగా వచ్చింది. మళ్లీ తగిలించాడు.

“ఇప్పుడు సరిపోయింది.”

కొంతసేపు ఇద్దరం ఏం మాట్లాడలేదు. వీధిలో ఎద్దుల మెడల్లో గంటలు మోగుతున్నాయి. అప్పుడు అడిగాడు, “ఇంతకీ ఏ రంగేశావు?”

“బురద రంగు.”

గట్టిగా నవ్వాడు. లోపల పడుకున్న పెద్దమ్మ లేచి “ఏమైందండీ?” అంటూ బయటికి వచ్చింది.

ట్యాంకు ఇప్పుడు వాళ్లింట్లో టీవీ పక్కన ఉంది. హ్యాండిల్ వంకరగానే ఉంది. కేబుల్‌కి మళ్లీ గ్లూ పెట్టలేదు. ఎవరు వచ్చినా ముందు అది ఊడదీసి చూపిస్తున్నాడని అన్నయ్య చెప్పాడు.

నా కార్ట్‌లో ఆ 5,800 సెట్ ఈ మధ్య మళ్లీ స్టాక్‌లోకి వచ్చింది. నోటిఫికేషన్ చూసి డిలీట్ చేశాను.